పీట గిటార్ ముచ్చట

1975లో ‘అన్నదమ్ముల అనుబంధం’ వచ్చింది. హిందీలో ‘యాదోంకీ బారాత్’ అని ఆడిన కథనే ఎన్టీ రామారావును పెట్టి తెలుగులో తీసిండ్రు. కొత్తగూడెంలో అది ఆడినన్ని రోజులు మా బావ షిఫ్ట్ దిగి ఇంటికి రాకుండ టాకీసుకు పోయేటోడు. సింగరేణిలో ఎలక్ట్రీషియన్ ఆయన, మా పెద్దక్క పెనిమిటి. కథ కోసం కాదు, తెర మీద గిటార్ పట్టినోడి వేళ్లు ఏ మెట్టు మీద పడుతున్నయో చూసేటందుకు పోయేటోడు. ఆ ఏడు దీపావళి బోనస్ చేతికి రాంగనే ఒక డబ్బా గిటార్ కొన్నడు. అక్కకు చీర పండగ దాటినంకనే వచ్చింది.

మైకు సెట్టు నాది. అహుజా యాంప్లిఫయర్, రెండు హారన్లు, రెండు మైకులు. మా జట్టులో ఒక డోలక్, ఒక హార్మోనియం, పాడేటోళ్లు ఇద్దరు, బావ గిటార్. ఇల్లెందు, పాల్వంచ, మణుగూరు, గోదారి దాటితే భద్రాచలం, చర్ల, దుమ్ముగూడెం, అటు కూనవరం దాక పెండ్లిండ్లకు, వినాయక చవితికి, నవమి పందిళ్లకు పోయేటోళ్లం. నేను వాయిద్యం ముట్టలేదు గాని, ఏది ఎక్కడ అరుస్తదో ఎక్కడ మూగబోతదో పట్టుకునే చెవి నాదే.

డబ్బా గిటార్‌తోని తిప్పలు ఏంటియో చెప్త, ఇనుండ్రి. దానికి బెజ్జం ఉంటది, కడుపులో గాలి ఉంటది. బావ ఆ బెజ్జం కాడ ఒక పికప్ బిగించి నా యాంప్లిఫయర్‌కు కలిపేటోడు. హారన్ మోత పోయి డబ్బాను కదిలిచ్చేది, డబ్బా తీగెను కదిలిచ్చేది, తీగె మోత మళ్ల హారన్‌కే వచ్చేది. ఇట్ల రెండు సుట్లు తిరిగేసరికి పందిరి అంత కూత. పెండ్లికొడుకు చెవులు మూసుకునేటోడు. నేను ఉరికి వాల్యూం తగ్గిస్తే గిటార్ ఎవరికీ ఇనపడకపోయేది. పెంచితే అరుపు, తగ్గిస్తే లేనట్టే. అట్ల పదేండ్లు ఎల్లదీసినం.

ఆ గిటార్‌ను గోదారి తీసుకపోయింది. 1986 ఆగస్టు పదహారున భద్రాచలం కాడ నీళ్లు 75.6 అడుగులు ఎక్కినయి. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేదే 53 అడుగులకు, ఇగ మీరే లెక్క చూడుండ్రి. సామాన్లు అప్పుడు భద్రాచలంలో నేను ఉన్న కిరాయింట్లో ఉండె. నీళ్లు తీసినంక తలుపు తీస్తే డబ్బా గిటార్ జిగురు విడిచి, పై పలక ఒక దిక్కు, కింది పలక ఒక దిక్కు, పక్క బద్దలు బురదలో ఉండె. బావ ఆ మెడ ఒక్కటి కడిగి తెచ్చుకున్నడు. చాన్నాళ్లు గోడకు తగిలేసుకున్నడు.

తొంభైలలో మళ్ల పానం గుంజింది ఆయనకు. భద్రాచలం రోడ్ స్టేషన్‌లో బండెక్కిండు. పేరు భద్రాచలానిదే గాని ఆ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో, గోదారి ఇవతల. డోర్నకల్‌లో దిగి మద్రాసు బండి పట్టుకున్నడు. మౌంట్ రోడ్డు మీద మ్యూజీ మ్యూజికల్ అని 1842 నాటి దుకాణం ఉంది, అక్కడ అద్దాలలో ఉన్నయన్నీ చూసి, ధరలు ఇని, బయట నిలబడి వచ్చేపోయే వాద్యగాళ్లను అడిగిండట. వాళ్లలో ఒకాయన తాను వాడిన యమహా పసిఫికా కరెంటు గిటార్ అమ్ముత అన్నడు. సినిమా పాటల రికార్డింగుల కోసం కొన్నదట. రెండు నెలల జీతం అందులో పోసి, దాన్ని ఒళ్లో పెట్టుకొని వచ్చిండు.

పెట్టె తెరిచినంక అక్క ఒక్కటే మాట అన్నది: “ఇదేంది, పీటకు తీగెలు కట్టిండ్రా?” అప్పటిసంది అది మా ఇండ్లల్ల పీట గిటార్.

పీటే మరి. బెజ్జం లేదు, కడుపు లేదు, గట్టి చెక్క. కరెంటు లేకుంటే పక్కన కూసున్నోడికి గూడ సరిగ ఇనపడదు. తీగెల కింద పికప్‌లు ఉంటయి. పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టు వెంట్రుక కన్న సన్నటి రాగి తీగె వేల చుట్లు. ఉక్కు తీగె కదిలితే ఆ రాగి చుట్టలో కరెంటు పుడతది. గట్టి చెక్కను హారన్ అంత సులువుగ కదిలియ్యలేదు, అందుకే కూత చాన తక్కువ. మొదటి పందిరిలో నేను వాల్యూం సగం దాటిచ్చిన, కిక్కుమనలేదు. పదేండ్ల పీడ ఆ రాత్రి పోయింది. ఆ రాత్రి నాకు కలిగిన సంతోషం బావకన్న ఎక్కువనే.

దీన్ని కనిపెట్టినోళ్లలో ఒకాయన గురించి బావ చెప్పి చెప్పి నాకు నోటికొచ్చింది. లియో ఫెండర్ అని, అమెరికాలో కాలిఫోర్నియా దిక్కు ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసే దుకాణం ఆయనది. గిటార్ వాయించుడు రాదు. ఆయన 1950లో పీట గిటార్ చేసి అమ్మకానికి పెట్టిండు, 1954లో స్ట్రాటోకాస్టర్ తెచ్చిండు. మెడను జిగురుతోని అతికియ్యకుండ నాలుగు మరలతోని బిగించిండు. పాడైతే ఇప్పుకోవచ్చు, మార్చుకోవచ్చు. మెకానిక్ బుద్ధి అది. మైకు సెట్టు మోసినోణ్ణి గనుక నాకు ఆయన మీద గౌరవం ఎక్కువ.

ఇంకో ముచ్చట. స్ట్రాటోకాస్టర్‌కు ఏ పికప్ మోగాల్నో మార్చే స్విచ్చి మొదట మూడు మెట్లదే ఉండె. వాయించేటోళ్లు దాన్ని రెండు మెట్ల నడుమ ఆపి, రెండు పికప్‌లు ఒకేసారి మోగితే వచ్చే గలగల నాదం దొరకబట్టిండ్రు. ఆ స్విచ్చి జారకుండ ఏందేందో తంటాలు పడ్డరు. కంపెనీ 1977లో అయిదు మెట్ల స్విచ్చి పెట్టింది. కొన్నోళ్లు తయారుచేసినోళ్లకు నేర్పిండ్రన్న మాట. కొత్తగూడెం క్వార్టర్లో మా బావ తిప్పిన స్విచ్చి కూడ ఆ అయిదు మెట్లదే.

ఆ అయిదు మెట్లే మా జట్టును బతికిచ్చినయి. అడవి అంచు ఊర్లలో వీణ ఎవరు తెస్తరు, సితార్ ఎవరు తెస్తరు? వయొలిన్ ఆయన కావాల్నంటే ఖమ్మం నుంచో బెజవాడ నుంచో పిలవాలి, ఆయన బస్సు కిరాయి మాకు వచ్చే పైసల కన్న ఎక్కువ. మెడ పక్క పికప్ మీద పెడితే గుండ్రటి, మెత్తటి నాదం, అది మెలోడీ పాటలకు. నడిమి మెట్లు ఇళయరాజా పాటలకు. ఆయన స్వయంగ గిటారిస్టు, ఆయన పాటలు వచ్చినంక గిటార్ లేని జట్టును ఎవరూ పిలవలేదు. 1989లో ‘గీతాంజలి’ వచ్చినంకనైతే ఏ ఊరు పోయినా అవే అడిగేటోళ్లు. తీగెలు ఆనే బ్రిడ్జి పక్కనేమో జంట పికప్. 1955లో గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ అనే ఆయన చేసిన ఉపాయం అది. రెండు చుట్టలు ఒకదానికొకటి ఎదురు తిప్పి పెడతరు. ట్యూబులైటు చోక్ నుంచి, మోటర్ల నుంచి వచ్చే గుయ్‌మనే గోల రెండిట్లో ఎదురెదురై చస్తది, తీగె మోత మాత్రం కలిసి పెరుగుతది. పందిరి నిండ ట్యూబులైట్లు కట్టే మన ఊర్లకు ఇంత కన్న మేలు ఎవరు చేసిండ్రు?

నేలకొండపల్లిలో ఒకసారి భజన ఉండె. కంచర్ల గోపన్న, అదే రామదాసు, పుట్టిన ఊరు. పెద్దమనుషులు గిటార్‌ను చూసి మొఖం మాడ్చుకున్నరు. బావ ఏం మాట్లాడలేదు. హార్మోనియం శ్రుతికి తీగెలు దించుకున్నడు. చిటికెన వేలు వాల్యూం బిరడ మీద పెట్టి, తీగె మీటేటప్పుడు మూసి, మీటినంక మెల్లగ తెరిచిండు. మీటిన టక్కు శబ్దం పోయి నాదం ఒక్కటే ఊది వచ్చినట్టు వచ్చింది, వయొలిన్ లెక్క. తీగెను పక్కకు గుంజి గమకం వేసిండు. ఈ విద్యకు ఆయనకు దారి చూపింది పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్. 1969లో పుట్టిన ఆ పిల్లగాడు కరెంటు మాండలిన్ మీద, జంట తీగెలు తీసేసి అయిదు ఒంటి తీగెలు కట్టుకొని, కర్నాటక సంగీతం మొత్తం పలికిచ్చిండు. మన గోదారి కింది ఊరోడే. బావ ఆయన క్యాసెట్లు అరిగేదాక ఇన్నడు. భజన అయినంక ఆ పెద్దమనుషులే వచ్చి, మళ్ల నవమికి రమ్మని తాంబూలం ఇచ్చిండ్రు.

ఆ కట్టె జర లోపలికి తొయ్యిరా, పొగ వస్తున్నది. ఇప్పుడు భయం ముచ్చట ఒకటి చెప్త, ఇది మీకు పనికొస్తది.

గిటార్ తీగెలు వైరు గుండ యాంప్లిఫయర్ ఇనుప పెట్టెకు కలిసి ఉంటయి. పందిరి కరెంటుకు ఎర్త్ లేకుంటే, తీగె మీద చెయ్యి వేసి మైకు దగ్గర నోరు పెట్టంగనే పెదవికి షాక్ కొడతది. చర్ల దిక్కు ఒక ఊర్లో బావ ఎనక్కి పడ్డడు. లేచి నవ్విండు గాని నాకు కాళ్లు వణికినయి. ఆ తర్వాత ఏ ఊరు పోయినా నేను మొదలు చేసే పని ఒకటే: గుంత తవ్వి ఇనుప కడ్డీ దింపి, చుట్టు ఉప్పు, బొగ్గు వేసి నీళ్లు పోసుడు. బొగ్గుకు మాకు కరువు లేదు కదా. పందిరి వేసినోళ్లు తొందర పెట్టినా, పెండ్లివారు కోపం చేసినా, ఎర్త్ పడకుంటే బావను స్టేజీ ఎక్కనియ్యలేదు. మీరు గూడ ఎక్కొద్దు.

గిటార్ మెడ మీద నల్లటి పలక ఉంటది చూడు, మెట్లు దిగేసేది. అది రోజ్‌వుడ్. మన అడవిలో జిట్రేగి అంటమే, ఆ జాతి కట్టె. దేశం నుంచి ఓడల మీద పోయి గిటార్ మెడలై మళ్ల మన ఊర్లకే వస్తది. 2017లో ఈ జాతి కట్టె ఏ దేశం దాటాలన్నా కాయితాలు ఉండాలని పెట్టిండ్రు, 2019లో తయారైన వాయిద్యాలకు ఆ అడ్డం తీసేసిండ్రు. కట్టెకు కాపలా ఉండాల్సిందే. జిట్రేగి చెట్టు చేవ పట్టాల్నంటే మనిషి జీవితం సాలదు, నరికేది ఒక పొద్దు. బావ ఆ పలకను ఎండకాలం ఒకసారి, వానకాలం అయినంక ఒకసారి సన్నటి నూనె గుడ్డతోని తుడిచేటోడు. కొబ్బరి నూనె మాత్రం పెట్టనియ్యలేదు, జిడ్డు పట్టి ముసురుతదని.

బావ రిటైరైనంక చెవులు మందగించినయి. దుమ్ముగూడెం చర్చిలో పాడే ఒక పిల్లగాడికి గిటార్ ఇచ్చిండు, వాయిదాల మీద. అక్కడ క్రైస్తవ మిషన్ పాతది, గోదారి మీద ఆనకట్టలు కట్టేటందుకు వచ్చిన హేగ్ దొర కాలంది. ఆ పిల్లగాడు మెత్తటి పికప్ ఒక్కటే వాడిండు, స్విచ్చి కదపలేదు. క్రిస్మస్‌కు పాటలు చక్కగ పడేటివి. ఉద్యోగానికి హైదరాబాద్ పోతూ గిరిజన ఆశ్రమ పాఠశాలలో చెప్పే పంతులుకు అమ్మిండు.

పంతులు కోయోళ్ల బిడ్డ. ఆయన వాయించేది ఇంకో తీరు. అన్నిటికన్న లావు తీగెను ఒక స్వరం దించి, రేలా పాటల కింద ఒక్క నాదం ఆగకుండ పట్టుకుంటడు. మొదట్ల నాకు నచ్చలేదు, కోయోళ్ల వాద్యం డోలి పక్కన గిటార్ ఏంటిదని. ఒకనాడు దగ్గర కూసొని ఇన్న. కొమ్ములు పెట్టుకొని ఆడేటోళ్లు వచ్చినంక ఆయన చెయ్యి తీసేసిండు, డోలి నిండినంక గిటార్‌కు పని లేదని. ఆ తెలివి ఉన్నోడి చేతిలో ఏ వాయిద్యమైనా ఉండొచ్చు. మణుగూరు దిక్కు కూనవరంలో సకిని రామచంద్రయ్య ఉండె, కోయ దొరల కథలు డోలితోని పాడినందుకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో పోయిండు. అట్ల పాడేటోళ్లు ఇంకెందరు మిగిలిండ్రు? అడివిలో మోగాల్సింది మొదలు ఆ డోలి. గిటార్ దానికి తోడు పోవాలి, ముందు నడవొద్దు.

2014లో గోదారి అవతలి కూనవరం, చింతూరు దిక్కు మండలాలు ఆంధ్రలో కలిసినంక పంతులు జట్టులో సగం మంది అటు పోయిండ్రు. పండగలకు మాత్రం కలుస్తనే ఉన్నరు.

2022 జులైలో మళ్ల గోదారి. 71.3 అడుగులు. పంతులు పిల్లల్ని, ముసలి తల్లిని తీసుకొని పునరావాస శిబిరానికి పోయిండు, గిటార్ అటక మీద ఉండిపోయింది. నీళ్లు అటక దాక వచ్చినయి. నాకు ఫోన్ చేసి ఏడ్చిండు. బావ అప్పటికి పోయిండు, లేకుంటే ఆయనే పోయేటోడు. నేను పోయిన. నాలుగు మరలు ఇప్పినం, మెడ వేరు, పీట వేరు. ఎండలో పెట్టొద్దని చెప్పి నీడలో, ఫ్యాను గాలికి రోజుల తరబడి ఆరబెట్టినం. తీగెలు తుప్పు, కోసి పారేసినం. వాల్యూం బిరడలు సెల్‌ఫోన్లు బాగుచేసే పిల్లగాడు మందుతోని కడిగిండు, వైరు గుచ్చే సాకెట్ కొత్తది అతికిండు. నడిమి పికప్ పలకలేదు, హైదరాబాద్ నుంచి ఇంకోటి తెప్పించినం. చెక్క మాత్రం ఎక్కడా విడవలేదు. మెడ కొంచెం వంగితే లోపల ఉన్న ఇనుప కడ్డీని తాళంతోని తిప్పి సరిచేసినం. ఎనభయ్యారులో బద్దలు ఏరుకున్న చేతులతోనే ఈసారి తీగెలు బిగించిన.

బావ మనుమడు, అదే నువ్వు, ఆ గిటార్ మళ్ల మన ఇంటికి తెచ్చుకుందామని పంతులును అడిగినవంట. ఆయన నాతో చెప్పిండు. అమ్మనంటున్నడు. నేనూ వద్దనే చెప్పిన, అది ఇప్పుడు ఆశ్రమ పిల్లల చేతులలో రోజూ మోగుతున్నది. నేర్చుకుంట అంటే ఆదివారం పొద్దున రమ్మన్నడు. దుమ్ముగూడెం బస్సు భద్రాచలం బస్టాండ్‌లో ఎక్కు. పోయేటప్పుడు తొమ్మిది నంబరు తీగెల సెట్టు ఒకటి కొనుక్కొని పో, చేతులు ఊపుకుంట పోకు.