వెలుగు వచ్చిందా?

రాత్రి పదకొండు దాటింది. హైదరాబాద్‌లో ఓ డేటా సెంటర్, అందరి నెట్‌వర్క్ కేబుళ్లూ కలిసే మీట్ మీ రూమ్. తలుపు తీయగానే చలిగాలి మొహానికి కొట్టింది. ఫ్యాన్ల హోరులో పక్క మనిషితో మాట్లాడాలన్నా గొంతు పెంచాలి. నా చేతిలో ఎల్ఓఏ, అంటే లైను కలుపుకోవడానికి అమెజాన్ ఇచ్చిన అనుమతి కాగితం. ఏ ర్యాకు, ఏ ప్యానెల్, ఏ పోర్టు అన్నీ అందులోనే ఉన్నాయి. మా ర్యాకు నుంచి వాళ్ల పోర్టుకు కేబుల్, అంటే క్రాస్ కనెక్ట్, 90 రోజుల్లో వేయించకపోతే అది చెల్లదు.

ఇన్నాళ్లూ మా సర్వర్లు ఇంటర్నెట్ మీద వీపీఎన్ వేసుకుని క్లౌడ్‌ను అందుకునేవి. రద్దీ పెరిగితే డేటాబేస్ కాపీ నత్తనడకే. ఈ రాత్రి నుంచి అమెజాన్ రౌటర్ దాకా మాకంటూ ఒక దారి. 2011లో డైరెక్ట్ కనెక్ట్ పేరుతో వాళ్లు మొదలుపెట్టిన ఏర్పాటిది.

టెక్నీషియన్ పసుపు ఫైబర్ చుట్ట విప్పుతున్నాడు. నీలం కనెక్టరు మూత తీసి, క్లీనర్ పెన్ను ఆనించి టక్కుమని నొక్కాడు. వెలుగు నడిచే గాజు మందం 9 మైక్రాన్లే. దుమ్ము కణం అడ్డుపడినా కష్టమే.

"పెట్టిన సార్, వెలుగు వచ్చిందా?"

స్క్రీన్ మీద మైనస్ 40 డీబీఎం. అంటే చీకటే. నా గుండె జారింది.

"అన్నా, రెండు పోగులు తారుమారైనట్టున్నయ్. ఒకసారి మార్చి పెట్టవా?"

క్లిప్పు విప్పి, అటుది ఇటు పెట్టాడు. మైనస్ 5! పోర్టు దీపం పచ్చగా వెలిగింది. తర్వాత వీలాన్ నంబరు, రెండు రౌటర్లు దారులు చెప్పుకునే బీజీపీకి పాస్‌వర్డు కొట్టాను. ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. ఐడిల్... యాక్టివ్... ఎస్టాబ్లిష్డ్. పింగ్ కొడితే 2 మిల్లీసెకన్లు!

2022 నవంబరులో అమెజాన్ హైదరాబాద్ రీజియన్ తెరిచింది కాబట్టే ఇంత తక్కువ. గాజులో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లే పోతుంది. ముంబై దాకా పోయి రావాలంటే ఎంత డబ్బు పోసినా 6 మిల్లీసెకన్లకు తగ్గదు.

ఇంకో మాట. లైను సొంతమైనంత మాత్రాన డేటాకు తాళం పడినట్టు కాదు. మాక్‌సెక్ ఎన్‌క్రిప్షన్ గానీ వీపీఎన్ గానీ మనమే వేసుకోవాలి.

మీరూ ఇలాంటి లైను వేయిస్తుంటే రెండోది కూడా అడగండి. అది వేరే భవనం నుంచి, వేరే రోడ్డు మీదుగా రావాలి. ఒకే గొట్టంలో వస్తే జేసీబీ దెబ్బకు రెండూ ఒకేసారి తెగుతాయి.