‘బ్యాటరీ అయిపోయింది’: ఒక ఫిర్యాదుకు ప్రతిపద వ్యాఖ్యానం

మూలం

“రాత్రి ఫుల్ ఛార్జింగ్ పెట్టాను, కెమెరా ఆఫ్‌లోనే ఉంది, పొద్దున పెళ్ళిలో వంద ఫొటోలు తీసేసరికే బ్యాటరీ అయిపోయింది.”

అవతారిక

కెమెరా రిపేరు షాపు కౌంటర్ దగ్గర కాసేపు నిలబడితే ఈ వాక్యం ఏదో ఒక రూపంలో చెవిన పడుతుంది. చెప్పేవాళ్ళు అబద్ధమాడరు. కానీ ఇందులోని ప్రతి మాటా చూసి చెప్పింది కాదు, అలా ఉండి ఉంటుందనుకుని చెప్పింది. వినగానే అవతలివాళ్ళు రాసే మందు కొత్త బ్యాటరీ. కొన్నిసార్లు దాంతో నయమవుతుంది. కొన్నిసార్లు డబ్బు పోసి కొన్న కొత్త బ్యాటరీ కూడా వారం తిరక్కుండా పాతదాని దారే పడుతుంది. ఎందుకంటే ఈ ఒక్క వాక్యంలో రెండు వేరువేరు జబ్బులు కలిసిపోయి ఉన్నాయి. కుండకు చిల్లు పడిందా, లేక తోడుకునేవాళ్ళు ఎక్కువయ్యారా అన్నది ముందు తేలాలి. మాటమాటనూ విడదీసి చూస్తే తప్ప అది తేలదు.

ఉదాహరణకు ఒక కెమెరా ఎదురుగా పెట్టుకుందాం. కెనాన్ ఈఓఎస్ 1500డి, 2018లో వచ్చింది. కొత్తగా డీఎస్‌ఎల్‌ఆర్ కొన్న కుర్రాళ్ళ చేతుల్లో తరచుగా కనిపిస్తుంది. అందులో వేసేది ఎల్‌పీ-ఇ10 అనే బ్యాటరీ.

రాత్రి

లిథియం అయాన్ బ్యాటరీని ఊరికే పక్కన పెట్టినా కొంత దిగుతుంది. అయితే ఆ తరుగు నెలకు కొద్ది శాతమే. ఒక్క రాత్రిలో తెలిసేంత దిగదు. తెల్లారేసరికి సగానికి వచ్చిందంటే, సెల్ అయినా పాడై ఉండాలి, ఎవరో తోడుకుని అయినా ఉండాలి.

పెన్సిల్ సెల్స్‌తో నడిచే పాత కాంపాక్ట్ కెమెరాలకు ఈ లెక్క వర్తించదు. రీఛార్జి చేసుకునే పాతకాలపు నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ వాడకుండా ఉంచినా కొన్ని వారాల్లో బాగా దిగిపోయేవి. 2005లో సాన్యో ‘ఎనిలూప్’ సెల్స్ తెచ్చాక ఆ బాధ చాలావరకు తగ్గింది. ఇంట్లో పాత కెమెరా ఏదైనా బయటికి తీస్తే, దాన్ని తిట్టే ముందు అందులో వేసిన సెల్ ఏ రకమో చూడాలి.

ఫుల్ ఛార్జింగ్ పెట్టాను

ఛార్జర్ మీద పచ్చ లైటు వెలిగిందని మాత్రమే దీని అర్థం. ఎల్‌పీ-ఇ10లో రెండు సెల్స్ వరుసగా కలిపి ఉంటాయి. నిండినప్పుడు ఒక్కో సెల్ సుమారు 4.2 వోల్టులకు చేరుతుంది. ఛార్జర్ గమనించేది ఆ వోల్టేజీనీ, లోపలికి పోయే కరెంటు ఎంతకు తగ్గిందన్నదాన్నీ. మొత్తం ఎంత పట్టిందో దానికి పట్టదు. నిన్న కొన్న బ్యాటరీకైనా, సగం సత్తువ పోయిన బ్యాటరీకైనా అదే పచ్చ లైటు వెలుగుతుంది.

అందుకని గడియారం చూడాలి. పూర్తిగా దిగిన ఎల్‌పీ-ఇ10 నిండడానికి 2 గంటల దాకా పడుతుందని కంపెనీ చెబుతుంది. పూర్తిగా దిగినదాన్నే పెడితే అరగంటకల్లా పచ్చ లైటు వచ్చిందనుకోండి, సంతోషించాల్సిన పనిలేదు. అందులో పట్టేదే తగ్గిపోయింది.

కెమెరా ఆఫ్‌లోనే ఉంది

వాక్యంలో అన్నిటికంటే అనుమానించాల్సిన మాట ఇదే. ‘ఆఫ్’లో కనీసం మూడు రకాలున్నాయి.

మొదటిది నిజమైన ఆఫ్. స్విచ్ తిప్పారు, లోపల గడియారం తప్ప దాదాపు అంతా ఆగింది.

రెండోది ఆటో పవర్ ఆఫ్. స్విచ్ ఆన్‌లోనే ఉంది, కాసేపు ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి కెమెరా కునుకు తీసింది. తెర నల్లగా ఉండేసరికి ఆఫ్ అయిందనుకుని బ్యాగులో పెట్టేస్తారు. బ్యాగులో లెన్స్ పక్కన ఫ్లాష్, దాని మీద మడతపెట్టిన పట్టీ, పైన బిగించిన జిప్పు. ఆ ఒత్తిడికి షట్టర్ బటన్ సగం నొక్కుకుంటుంది, కెమెరా లేస్తుంది. స్టెబిలైజర్ ఉన్న లెన్స్ అయితే అదీ పని మొదలుపెడుతుంది. బండి కుదుపుకు ఒత్తిడి తగ్గుతుంది, మళ్ళీ పెరుగుతుంది. మండపానికి చేరేదాకా ఇదే వరస. తెర నలుపును సాక్ష్యంగా తీసుకోకూడదు, స్విచ్ ఎటు ఉందో వేలితో తడిమి చూడాలి.

మూడోది అన్నిటికంటే గడుసుది. స్విచ్ నిజంగానే ఆఫ్, అయినా లోపల ఏదో ఒక భాగం మేలుకునే ఉంటుంది. 2012లో వచ్చిన కెనాన్ 6డిలో జీపీఎస్ ఆన్ చేసి ఉంచితే, స్విచ్ ఆఫ్ చేశాక కూడా అది మధ్యమధ్యలో ఉపగ్రహాల సంకేతం అందుకుంటూనే ఉంటుంది. ఆ సంగతి మాన్యువల్‌లోనే రాసి ఉంది. తర్వాత వచ్చిన 7డి మార్క్ 2లో జీపీఎస్‌కు రెండు మోడ్‌లు పెట్టారు. మొదటిది స్విచ్ ఆఫ్ చేసినా పనిచేస్తుంది, రెండోది స్విచ్‌తోపాటు ఆగుతుంది. ఫోన్‌కు ఫొటోలు పంపే స్నాప్‌బ్రిడ్జ్ యాప్‌తో కలిసే కొన్ని నికాన్ కెమెరాల్లో ‘సెండ్ వైల్ ఆఫ్’ అనే ఆప్షన్ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే కెమెరా ఆఫ్ చేశాక కూడా బ్లూటూత్ ద్వారా ఫోన్‌తో మాట్లాడుతూనే ఉంటుంది. ఇవి రిపేర్లు కావు, మెనూలో ఒక్క టిక్కుతో పోయే సమస్యలు.

ఇంకొకటి కూడా చూడాలి. కార్డు మీద రాతపని జరిగేటప్పుడు వెలిగే చిన్న ఎర్రలైటు స్విచ్ ఆఫ్ చేసిన చాలాసేపటికీ ఆరకపోతే, కార్డుకూ కెమెరాకూ పొసగడం లేదన్నమాట. వేరే కార్డు వేసి చూడాలి.

పొద్దున

చలికి బ్యాటరీ లోపలి రసాయన చర్య మందగిస్తుంది, అంతర్గత నిరోధం పెరుగుతుంది. కెమెరా గట్టిగా కరెంటు అడిగేసరికి వోల్టేజీ కిందికి జారుతుంది, కెమెరా ‘అయిపోయింది’ అంటుంది. జేబులో పెట్టి వెచ్చబడ్డాక అదే బ్యాటరీ మళ్ళీ పనిచేస్తుంది. డిసెంబరు తెల్లవారుజామున లంబసింగి మంచును ఫొటో తీయడానికి వెళ్ళేవాళ్ళు స్పేర్ బ్యాటరీని చొక్కా లోపలి జేబులో ఉంచుకోవడం అందుకే.

మైదానాల్లో పెళ్ళి పొద్దులకు ఈ సాకు చెల్లదు. మనకు శత్రువు ఎండ. 1500డి పనిచేయడానికి కంపెనీ చెప్పిన ఉష్ణోగ్రత 0 నుంచి 40 డిగ్రీల సెల్సియస్. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో నీడపట్టునే ఆ గీత దాటుతుంది, అద్దాలు ఎత్తిన కారులో ఇక చెప్పనక్కర్లేదు. చలి బ్యాటరీని తాత్కాలికంగా పడుకోబెడితే, వేడి దాని ఆయుష్షునే తింటుంది. నిండుగా ఛార్జి చేసి వేడిలో వదిలేస్తే ఇంకా తొందరగా తింటుంది.

పెళ్ళిలో

తోడుకునేవాళ్ళంతా ఒకచోట చేరే సందర్భం. జీలకర్ర బెల్లం వేళ దంపతుల చుట్టూ జనం కమ్ముకుంటారు. ఫొటోగ్రాఫర్ చేతులు పైకెత్తి, లైవ్ వ్యూ పెట్టి, అందరి తలల మీదుగా తెరలో చూస్తూ కాచుకుంటాడు. సెన్సర్ పనిచేస్తోంది, తెర వెలుగుతోంది, వేలు సగం నొక్కి ఉండటంతో ఫోకస్, స్టెబిలైజర్ రెండూ మేలుకునే ఉన్నాయి. ఒక్క ఫొటో కూడా తీయలేదు, ఖర్చు మాత్రం సాగుతోంది. ముహూర్తం దాటగానే పెళ్ళికూతురి మేనత్త పక్కకు వస్తుంది: “ఏదీ బాబూ, ఇందాకటిది ఒకసారి చూపించు.” తెర మళ్ళీ వెలుగుతుంది. ఆమె వెనక ఇంకో నలుగురు. ఈలోగా పెళ్ళికొడుకు స్నేహితుడు స్టేటస్ పెట్టుకోవడానికి వైఫైలో రెండు పంపమంటాడు.

కెమెరా నెత్తిన ఉండే చిన్న ఫ్లాష్ కూడా ఈ బ్యాటరీ మీదే బతుకుతుంది. పైన విడిగా బిగించే ఫ్లాష్‌కు సొంత సెల్స్ ఉంటాయి కాబట్టి మండపంలో అదే మేలు.

వంద ఫొటోలు

డబ్బా మీద రాసిన సంఖ్యతో పోల్చి జనం నిరాశపడే చోటు ఇది. ఆ సంఖ్య జపాన్ కెమెరా తయారీదారుల సంఘం సీపా 2003లో పెట్టిన ఒక పద్ధతి ప్రకారం కొలిచింది. 23 డిగ్రీల గదిలో, 30 సెకన్లకొక ఫొటో, రెండు ఫొటోలకొకసారి పూర్తి బలంతో ఫ్లాష్, పది ఫొటోలకొకసారి ఆఫ్ చేసి ఆన్ చేయడం. కెమెరాలను ఒకదానితో ఒకటి పోల్చడానికి ఇది పనికొస్తుంది. మీ పెళ్ళికి జోస్యం చెప్పదు.

1500డికి ఆ లెక్కన వ్యూఫైండర్‌లో చూసి తీస్తే సుమారు 500, లైవ్ వ్యూలో అయితే 240. బ్యాటరీ అదే, కెమెరా అదే, కన్ను పెట్టిన చోటు మారితే సగానికి సగం పోయింది. అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల్లో వ్యూఫైండర్‌లో ఉండేదీ చిన్న తెరే కనుక ఈ లాభం ఉండదు. సోనీ ఏ7-3కు వెనక తెరతో 710, వ్యూఫైండర్‌తో 610 అని కంపెనీ లెక్క. అక్కడ కన్ను పెట్టి చూడటమే ఎక్కువ ఖర్చు.

దీన్నిబట్టి తేలేదేమిటి? బ్యాటరీని ప్రధానంగా తినేది క్లిక్కుల సంఖ్య కన్నా, కెమెరా మేలుకుని ఉన్న నిమిషాలు. క్రికెట్ మైదానంలో బర్స్ట్‌లో వెయ్యి తీసినవాడి బ్యాటరీ నిలవచ్చు, మండపంలో లైవ్ వ్యూ పెట్టి గంటలు గంటలు కాచుకుని వంద తీసినవాడిది పడిపోవచ్చు. రెండింటిలోనూ రిపేరేమీ లేదు. ‘వంద’ అన్నవాళ్ళను ముందు అడగాల్సిన ప్రశ్న: ఎంతసేపట్లో?

బ్యాటరీ

దాని ఒంటి మీద రాసింది చదవాలి. ఎల్‌పీ-ఇ10 మీద 7.4 వోల్టులు, 860 ఎంఏహెచ్ అని ఉంటుంది. రెండూ గుణించి వెయ్యితో భాగిస్తే దాదాపు 6.4 వాట్ అవర్లు, అదీ అందులో దాచుకోగల శక్తి. సోనీ ఏ7-3లో వేసే ఎన్‌పీ-ఎఫ్‌జెడ్100లో 16.4 వాట్ అవర్లు పడతాయి. ఒకే సైజు పెట్టెలో, సగం ధరకు, రెట్టింపు ఎంఏహెచ్ అని రాసిన బ్యాటరీ బజార్లో దొరికితే ఆ అంకెను నమ్మకండి.

బ్యాటరీ వాడినా ముసలిదవుతుంది, వాడకపోయినా అవుతుంది. పై తరగతి కెనాన్ కెమెరాల్లో బ్యాటరీ సమాచారం మెనూలో మూడు పచ్చ గళ్ళు కనిపిస్తే బాగున్నట్టు, ఒక్క ఎర్ర గడి మిగిలితే మార్చమని. చాలా నికాన్ కెమెరాలు వయసును 0 నుంచి 4 దాకా అంకెలో చెబుతాయి, 4 అంటే ఆయుష్షు తీరినట్టు. ఉబ్బి, అరలోంచి తీయడానికి మొరాయించే బ్యాటరీకి ఏ పరీక్షా అక్కర్లేదు. దాన్ని మళ్ళీ ఛార్జింగ్ పెట్టకూడదు, చెత్తబుట్టలో వేయకూడదు, ఈ-వేస్ట్ తీసుకునేచోట ఇవ్వాలి.

అయిపోయింది

నిజంగా అయిపోయిందా, కెమెరా అలా అంటోందా? ముసలి బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు నిండుగానే కనిపిస్తుంది, ఫ్లాష్ నిండేటప్పుడో మోటారు తిరిగేటప్పుడో వోల్టేజీ కూలుతుంది. సగం చూపించిన గుర్తు ఒక్కసారిగా ఎర్రబడి, ఐదు నిమిషాలు ఆపి ఆన్ చేస్తే మళ్ళీ సగం చూపిస్తే, అది ఆ వయసు లక్షణమే. కాంటాక్టులకు చెమటా దుమ్మూ పట్టినా ఇలాగే నటిస్తుంది, పొడిగుడ్డతో తుడిస్తే తెలుస్తుంది. బ్యాటరీ మూత వదులైనా కెమెరా ఉన్నట్టుండి ఆరిపోతుంది. అప్పుడు నేరం బ్యాటరీది కాదు, మూత గొళ్ళేనిది.

తాత్పర్యం

పరీక్షకు రెండు రాత్రులు చాలు. మొదటి రాత్రి బ్యాటరీని నిండా ఛార్జి చేసి కెమెరా బయట ఉంచండి. రెండో రాత్రి మళ్ళీ నింపి కెమెరాలో వేసి, స్విచ్ ఆఫ్ చేసి ఉంచండి. 1500డి లాంటి వాటిలో గుర్తు నాలుగు దశల్లోనే కనిపిస్తుంది కాబట్టి శాతం కోసం వెతక్కుండా, సాయంత్రం, పొద్దున మల్టీమీటర్‌తో వోల్టేజీ చూసి రాసుకోండి. ప్రోబ్‌లు ఒకదానికొకటి తగలకుండా జాగ్రత్త. బయట ఉన్నప్పుడే దిగిపోతే బ్యాటరీది తప్పు, మార్చాల్సిందే. కెమెరాలో ఉన్నప్పుడే దిగితే జీపీఎస్, వైఫై, బ్లూటూత్ ఆపండి. తర్వాత కార్డు తీయండి, ఆ తర్వాత లెన్స్ విప్పి మూత పెట్టండి. ఒక్కో రాత్రికి ఒక్కటే మార్చండి, రెండు కలిపి మారిస్తే ఏది నయం చేసిందో తెలియదు. రెండు రాత్రులూ దిగకపోయి, నిండడానికి పట్టే సమయం కూడా తగ్గకపోతే కెమెరా, బ్యాటరీ రెండూ నిర్దోషులు, తినేది వాడకం. లైవ్ వ్యూ తగ్గించి, ఒక స్పేర్ కొనుక్కుంటే సరిపోతుంది.

అన్నీ తీసేసినా, మంచిదని తేలిన బ్యాటరీ తెల్లారేసరికి దిగిపోతుంటే అప్పుడది లోపలి బోర్డు సంగతి, సర్వీసు సెంటర్ పని. అక్కడికి వెళ్ళేటప్పుడు రాసుకున్న వోల్టేజీ అంకెలు వెంట తీసుకెళ్ళండి. వాటిని చూశాక “ముందు కొత్త బ్యాటరీ వేసి చూడండి” అని ఎవరూ అనలేరు.