బడి వయసు దాటినవారి చదువు

కృష్ణా మెట్ట సీమలోని జగ్గయ్యపేట, నందిగామలు 1948 వరకు రెండు పాలనల సరిహద్దున ఉండేవి. అటు నిజాం రాజ్యంలో కచేరీ భాష ఉర్దూ. ఇటు మద్రాసు పాలనలోని ముస్లిం రైతుకు ఊరి లెక్కలు తెలియాలంటే తెలుగు కావలసి వచ్చేది.

1920 నాటి మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం నిర్బంధ విద్యకు వీలు కల్పించింది, కాని పిల్లలకే. 2009 నాటి విద్యాహక్కు చట్టమూ ఆరు నుండి పద్నాలుగేళ్ల వారికే. పెద్దలకు దక్కినవి పథకాలు మాత్రమే. 1978 అక్టోబరు 2న మొదలైన జాతీయ వయోజన విద్యా కార్యక్రమం పది కోట్ల మందికి చదువు నేర్పదలచింది. 1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్, 2009లో సాక్షర భారత్ వచ్చాయి. సాక్షర భారత్ 2018 మార్చితో ముగిసింది. చట్టం అమలు కాకపోతే న్యాయస్థానానికి వెళ్లవచ్చు. గడువు తీరిన పథకాన్ని ఎవరిని అడగాలి?

ముస్లిం ఇళ్లలో మరో చిక్కు ఉంది. జనాభా లెక్కల ప్రకారం ఏ భాషలోనైనా అర్థం తెలిసి చదవడమూ, రాయడమూ వచ్చినవారే అక్షరాస్యులు. ఖుర్‌ఆన్‌ను తప్పులేకుండా పఠించే వృద్ధురాలు, అర్థం తెలియక, రాయడం రాక, నిరక్షరాస్యుల లెక్కలో చేరుతుంది. ఆ నిర్వచనాన్ని తప్పుపట్టలేము. అయితే ఆమెకు అక్షరాలు కొత్త కావు. ఉర్దూ లిపి అరబీ లిపి నుండి వచ్చినదే. ఇంట్లో మాట్లాడేదీ ఉర్దూయే అయితే, అక్కడ మొదలుపెట్టి తెలుగుకు రావడం తేలిక. 1966 అధికార భాషల చట్టం ఉర్దూకు చోటిచ్చింది. 2022లో ఆంధ్రప్రదేశ్ దానిని రెండవ అధికార భాషగా చేసింది. ఆ హోదా కార్యాలయాల బోర్డులు దాటి రాత్రిబడి వాచకం దాకా రావాలి.