మోమాటం పాపమెలా అయింది? యాకోబు పత్రిక రెండో అధ్యాయం, ఒక తెలుగు మాట, ఒంగోలు అనుభవం

ప్రస్తావన

మోమాటాన్ని మనం తప్పు అనుకోం. మోమాటస్థుడు అంటే మెత్తని మనిషి, ఎదుటివాడి ముఖం చూసి కాదనలేనివాడు. అయితే తెలుగు క్రైస్తవులు తరతరాలుగా చదువుతున్న పాత బైబిల్ అనువాదం, యాకోబు పత్రిక 2:1లో విశ్వాసికి తగని దోషంగా చెప్పింది ఈ మోమాటాన్నే. తొమ్మిదో వచనంలో అదే దోషాన్ని పక్షపాతమని, పాపమని స్పష్టం చేసింది. మర్యాదగా కనిపించే గుణం పాపం ఎలా అయింది? పైరూపం చూసి మనిషి విలువ కట్టడం ద్వేషం వల్లే జరగనక్కరలేదని, మర్యాద వేషంలోనూ జరుగుతుందని, అందుకే అది మన సంఘాల్లో గుర్తింపుకు రాకుండా నిలిచిపోతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

మాట వెనుక ముఖం

యాకోబు వాడిన గ్రీకు పదం ‘ప్రొసోపోలెంప్సియ’. ‘ప్రొసోపొన్’ అంటే ముఖం. రెండో భాగానికి మూలం స్వీకరించడమనే అర్థమున్న క్రియ. ముఖాన్ని బట్టి మనిషిని స్వీకరించడమన్నమాట. దీని వెనుక ‘నాసా పానీమ్’, అంటే ముఖాన్ని పైకెత్తడం, అనే హీబ్రూ నుడికారం ఉంది. సాష్టాంగపడినవాడి ముఖాన్ని పైకెత్తడం అనుగ్రహానికి గుర్తు. న్యాయస్థానంలో మాత్రం ఆ అనుగ్రహమే అన్యాయమవుతుంది. లేవీయకాండం 19:15 తీర్పులో పేదవాడి ముఖాన్నీ ఎత్తవద్దంటుంది, గొప్పవాడి ముఖాన్నీ గౌరవించవద్దంటుంది.

తెలుగులో మొగమాటం, మోమాటం అన్న రెండు రూపాల్లోనూ మొగము, మోము దాగి ఉన్నాయి. గ్రీకు పదంలోని ముఖం అనువాదంలో చెరిగిపోలేదు. పక్షపాతం అనగానే మనకు న్యాయాధికారి గుర్తొస్తాడు; ఆ తప్పు మనది కాదనుకుంటాం. మోమాటం అంటే తప్పించుకునే దారి లేదు. అది మనందరిలోనూ ఉన్నదే.

రెండు వస్త్రాలు, రెండు చోట్లు

యాకోబు చూపే దృశ్యం చిన్నది. సమాజమందిరంలోకి ఇద్దరు వస్తారు. ఒకడి వేలికి బంగారు ఉంగరం, ఒంటిమీద మెరిసే బట్టలు. రెండోవాడివి మాసిన బట్టలు. మొదటివాడికి మంచి చోటు దొరుకుతుంది. రెండోవాడు నిలబడాలి, లేదా పాదపీఠం దగ్గర కూర్చోవాలి. వారి పేర్లు గాని, గుణగణాలు గాని యాకోబు చెప్పడు. చోటు చూపినవాడికి తెలిసినంతే పాఠకుడికీ తెలుస్తుంది: ఉంగరం, బట్టలు.

నాలుగో వచనంలో యాకోబు ఈ మర్యాద చేసినవారిని న్యాయాధిపతులు అంటాడు. ఈ దృశ్యం ఆరాధన కూడికది కాదనీ, తగవు తీర్చే సభదనీ బైబిల్ పండితుడు రాయ్ బోవెన్ వార్డ్ 1969లో వాదించాడు. ఆ వాదనను ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా ఒకటి నిలుస్తుంది. కుర్చీ చూపడమే తీర్పు. ‘నువ్వు తక్కువవాడివి’ అని ఎవరూ నోరు తెరిచి అననక్కరలేదు. చోటే ఆ మాట చెబుతుంది.

చూపు మానడమా, చూపు మార్చుకోవడమా?

రూపం వైపు అసలు చూడకూడదన్నది లేఖనాల బోధ కాదు. సమూయేలు మొదటి గ్రంథం పదహారో అధ్యాయంలో, కొత్త రాజును అభిషేకించడానికి వెళ్లిన ప్రవక్త సమూయేలు పొడగరి ఏలీయాబును చూసి అతడే ఆ రాజని పొరబడతాడు. అంతకుముందు ఎత్తరి సౌలు కథ ఎలా ముగుస్తోందో తెలిసినవాడే, అయినా పొరబడ్డాడు. మనిషి చూపు కళ్లకు కనబడేదాని దగ్గర ఆగుతుందని ఏడో వచనం చెబుతుంది. హీబ్రూ మూలంలో అక్కడున్నది ‘కళ్లు’ అన్న మాటే. పన్నెండో వచనంలో దావీదు అందమైన కళ్లవాడని వర్ణిస్తూ అదే మాట మళ్లీ వస్తుంది. అందం దోషం కాదు. అందాన్ని అర్హతకు సాక్ష్యంగా తీసుకోవడం దోషం. యోహాను 7:24 కూడా తీర్పునే వద్దనదు. వెలిచూపు తీర్పును మాని న్యాయమైన తీర్పు చేయమంటుంది.

ఒంగోలు, 1866

తెలుగునాట ఈ ప్రశ్నకు కులం తోడైంది. బట్ట, చెప్పు, నిలబడే దూరం, కూర్చునే చోటు ఇవన్నీ పుట్టుకను పైకి చూపే గుర్తులయ్యాయి. మాసిన బట్ట ఇక్కడ ఒక మనిషి పేదరికం మాత్రమే కాదు, ఊరు అతనికి కేటాయించిన స్థానం కూడా.

1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ ఒంగోలులో పని మొదలుపెట్టాడు. పై కులాలవారు కొందరు ఆసక్తి చూపారు గాని, మాదిగలను చేర్చుకుంటే తాము రామన్నారు. సంఘానికి పరువు, పలుకుబడి ఎవరి వల్ల వస్తాయో లోకజ్ఞానం చెబుతూనే ఉంది. ఆ సందిగ్ధంలో తానూ, భార్యా వేర్వేరు గదుల్లో బైబిల్ తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయంలోని ఒకే భాగం కనిపించిందని క్లఫ్ తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. లోకం నీచంగా చూసేవారిని దేవుడు ఎన్నుకున్నాడని చెప్పే భాగం అది. దంపతులు మాదిగల పక్షాన నిలిచారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఈ కథను మిషనరీ ఔదార్యంగా మాత్రమే చదివితే మళ్లీ పైచూపు దగ్గరే ఆగినట్లు. ఆ ఉద్యమానికి ముందు నడిచినవాడు యర్రగుంట్ల పేరయ్య. తోళ్ల పనివాడిగానే ఊరికి కనిపించిన ఈ మాదిగ, రాజయోగ సంప్రదాయంలో గురుబోధ పొంది అప్పటికే దైవాన్ని వెతుకుతున్నవాడు. వృత్తిని చూసిన కళ్లకు ఆ అన్వేషణ కనబడలేదు. పైచూపు తీర్పులో పేదవాడికి జరిగే అవమానంతో పాటు, చూసేవాడికి కలిగే నష్టం కూడా ఉంది. తన ఎదుటే ఉన్న గురువును అతడు పోగొట్టుకుంటాడు.

ముగింపు

ఈ పరిశీలన నేటి సంఘానికి చెప్పేది ఆచరణకు సంబంధించిన సంగతి. చాప మీద అందరూ కూర్చున్న కూడికలోకి ఇస్త్రీ బట్టల అతిథి రాగానే పరుగున కుర్చీ తెచ్చేవాడు చెడ్డవాడు కాడు. మోమాటపడ్డాడు, అంతే. ఆ కుర్చీ అవసరం మోకాళ్ల నొప్పులతో గోడకు ఆనుకున్న ముసలమ్మకు ఎక్కువని అతనికి తోచలేదు. యాకోబు నిలదీసేది ఈ తోచకపోవడాన్నే. సంఘం ఎవరిని ప్రేమిస్తున్నానని చెబుతోందన్నది కాక, ఎవరిని ఎక్కడ కూర్చోబెడుతోందన్నది అతని కొలత.

మోమాటాన్ని కాదన్న 2:1లోనే క్రీస్తును మహిమగల ప్రభువుగా పేర్కొన్నాడు యాకోబు. సంఘం చూపు నిలపవలసిన మహిమ ఆయనది. ధనవంతుడి మెరిసే బట్టలకు యాకోబు వాడిన గ్రీకు మాటలే లూకా 23:11లోనూ ఉన్నాయి. అక్కడ అవి హేరోదు, అతని సైనికులు యేసును ఎగతాళి చేయడానికి తొడిగిన వస్త్రానికి. మహిమగల ప్రభువు ఒంటిమీద కూడా మెరిసే బట్ట అవమానానికే పనికొచ్చింది. దాన్ని చూసి మొదటి వరుసలో కుర్చీ వేయడానికి ఆయన శిష్యులకు ఇక ఏ కారణమూ లేదు.