హ్యాండ్ బ్రేక్ వదులైతే ముందు చూడాల్సింది లీవర్ కాదు, డ్రమ్

భిలాయి ఛత్తీస్‌గఢ్ మైదానంలో ఉన్న ఊరు. స్మృతి నగర్‌లో ఇంటి ముందు కారు ఆపితే హ్యాండ్ బ్రేక్ వేసినా, వేయకపోయినా బండి కదలదు. అందువల్ల ఆ బ్రేక్ బలహీనపడిన సంగతి నెలల తరబడి బయటపడదు. బయటపడేది సెలవులకు సొంతూరు బయల్దేరినప్పుడే. ధమ్తరి, కాంకేర్ మీదుగా 30వ నంబరు జాతీయ రహదారిలో వెళితే కేశ్‌కాల్ ఘాట్ వస్తుంది. అక్కడ ఒక్క లారీ మొరాయించినా వెనుక బారులు తీరతాయి. జగదల్‌పూర్, కోరాపుట్ దాటి విజయనగరం వైపు దిగాలంటే సాలూరు ఘాట్ ఉంది. ఎత్తులో ఆగిన కారుకు లీవర్ చివరిదాకా లాగినా బండి వెనక్కి జారుతుంటే, వెనుకనున్న లారీకీ మన బంపర్‌కూ మధ్య మిగిలేది బ్రేక్ పెడల్ మీది పాదం ఒక్కటే.

మామూలుగా ఏం చేస్తాం? మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తాం. అతను సీట్ల మధ్య ప్లాస్టిక్ కవర్ తీసి, పానాతో నట్టు నాలుగు చుట్లు తిప్పి, ‘కస్ దియా సాబ్’ అంటాడు. అయిదు నిమిషాల పని. లీవర్ గట్టిగా వస్తుంది కాబట్టి మనకూ తృప్తిగానే ఉంటుంది. చాలాసార్లు అది మరమ్మతు కాదు, లోపం మీద వేసిన ముసుగు. ఎందుకో తెలియాలంటే చక్రం లోపల ఏం జరుగుతుందో చూడాలి.

మన దేశంలో తిరిగే చిన్న కార్లలో అత్యధికం వెనుక చక్రాలకు డ్రమ్ బ్రేకులున్నవే. గుండ్రటి ఇనుప డ్రమ్ లోపల అర్ధచంద్రాకారంలో రెండు షూలుంటాయి. కాలితో పెడల్ నొక్కితే ఆయిల్ ఒత్తిడి వాటిని విప్పి డ్రమ్‌కు అదుముతుంది. హ్యాండ్ బ్రేక్ లాగితే అదే పనిని ఇనుప తీగ చేస్తుంది. షూల మీది లైనింగ్ అరిగేకొద్దీ షూకూ డ్రమ్‌కూ మధ్య సందు పెరుగుతుంది. ఆ సందును ఎప్పటికప్పుడు పూడ్చడానికి లోపల పళ్లతో కూడిన ఒక సర్దుబాటు పరికరం ఉంటుంది. అది మనం తాకకుండానే పనిచేయాలి. కానీ లైనింగ్ పొడి, దుమ్ము, వానాకాలం తుప్పు పట్టి బిగుసుకుపోతే ఉన్నచోటే ఉండిపోతుంది. సందు పెరుగుతూనే ఉంటుంది, లీవర్ పైపైకి వస్తూనే ఉంటుంది.

ఇప్పుడు తీగను బిగించారనుకోండి. లీవర్ తక్కువ ఎత్తులోనే పట్టేస్తుంది. కానీ లోపల షూకు తగిలించిన చిన్న మీట పూర్తిగా వెనక్కి వెళ్లి విశ్రాంతి స్థానంలో కూర్చోదు. చాలా డిజైన్లలో అది కూర్చోకపోతే సర్దుబాటు పరికరం పనిచేయదు. షూలు డ్రమ్‌కు కాస్త రాసుకుంటూ వేడెక్కుతాయి, లైనింగ్ మరింత త్వరగా అరుగుతుంది, మైలేజీ పడిపోతుంది. కొన్ని నెలల్లో మళ్లీ అదే వదులు, మళ్లీ నాలుగు చుట్లు. తీగ సాగడం వల్ల కూడా వదులు రావొచ్చు, నిజమే. అయితే అది ఎక్కువగా కొత్త తీగ వేసిన తొలి వారాల్లో జరుగుతుంది. అయిదేళ్ల కారులో మొదట అనుమానించాల్సింది డ్రమ్ లోపలి సంగతినే.

కాబట్టి ముందు పరీక్ష. ఇంజిన్ ఆపి, లీవర్‌ను పూర్తిగా దించి, మామూలు బలంతో, అంటే ఇరవై కిలోల బరువు ఎత్తేంత బలంతో లాగుతూ టిక్కులు లెక్కపెట్టండి. చాలా కార్లలో అయిదు నుంచి ఎనిమిది మధ్య గట్టిగా పట్టేయాలి. మీ కారు మాన్యువల్‌లో ఉన్న అంకెదే తుది మాట. తర్వాత కాలి పెడల్ నొక్కి చూడండి. మొదటిసారి లోతుగా దిగి, వెంటనే రెండోసారి నొక్కితే పైనే ఆగుతోందా? వెనుక షూల సందు పెరిగిందనడానికి అది మంచి ఆనవాలు. పెడల్ మెత్తగా స్పాంజిలా ఉన్నా, నొక్కి పట్టుకుంటే నెమ్మదిగా కిందికి జారుతున్నా సమస్య ఆయిల్ వ్యవస్థలో ఉన్నట్టు. అది ఇంట్లో చేసే పని కాదు, బండిని వర్క్‌షాపుకు పంపాలి. బటన్ నొక్కితే పనిచేసే ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేకుదీ అదే దారి. దాన్ని స్కానర్‌తో సర్వీస్ మోడ్‌లో పెట్టకుండా విప్పితే మోటారు పాడవుతుంది, వేళ్లు కూడా నలగవచ్చు. వెనుక డిస్క్‌లున్న కార్ల పద్ధతి వేరు. ఇక్కడ చెప్పేదంతా డ్రమ్‌ల గురించే.

కారును సమతలంగా, గట్టిగా ఉన్న నేల మీద నిలపండి. ముందు చక్రాలకు ఇరువైపులా ఇటుకలో, చెక్క దిమ్మెలో అడ్డం పెట్టండి. ఈ పనిలో హ్యాండ్ బ్రేక్ దించే ఉంచాలి కాబట్టి బండిని ఆపేవి ఆ దిమ్మెలే. ముందు చక్రాలతో నడిచే కారైతే ఫస్ట్ గేరులో ఉంచవచ్చు, వెనుక చక్రాలు స్వేచ్ఛగానే తిరుగుతాయి. ఈకో, బొలెరో లాంటి వెనుక చక్రాలతో నడిచే బండ్లకు అది కుదరదు. చక్రం తిప్పి చూడాలంటే న్యూట్రల్‌లో పెట్టాలి, అప్పుడు దిమ్మెలు రెట్టింపు గట్టివి కావాలి. బండితో ఇచ్చిన జాకీ స్టెప్నీ మార్చడానికి మాత్రమే. దాంతో పైకి లేపాక మాన్యువల్ చూపిన చోట స్టాండ్లు పెట్టి బరువు వాటి మీదికి దించాలి. స్టాండ్లు లేకపోతే ఈ పని మొదలుపెట్టకండి. ఇందులో సర్దుకుపోవడానికి వీల్లేదు.

లీవర్ దగ్గరి తీగ నట్టును ముందు వదులు చేయండి. బిగించడానికి వచ్చి వదులు చేయడమేమిటనిపిస్తుంది. తీగ లాగి ఉంటే డ్రమ్ ఊడదు, లోపలి మీటా వెనక్కి వెళ్లదు. చక్రం తీశాక డ్రమ్ మధ్యభాగం చూడండి. పెద్ద నట్టు కనిపిస్తే ఆ డ్రమ్‌లోనే బేరింగ్ ఉందని అర్థం. దాని బిగింపుకు కచ్చితమైన లెక్క, చాలాసార్లు కొత్త నట్టు అవసరం. అనుభవం లేనివారు అక్కడితో ఆగిపోవాలి. మిగతా డ్రమ్‌లకు ముఖం మీద రెండు మరల రంధ్రాలుంటాయి. సరిపోయే బోల్టులు రెండింటిలో సమానంగా బిగిస్తూ పోతే డ్రమ్ తనంతట తానే బయటికి వస్తుంది. సుత్తితో బాదాల్సిన అవసరం రాదు.

లోపలి పొడిని నోటితోగానీ, గాలి పంపుతోగానీ ఊదకండి. పాత లైనింగ్‌లలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశముంది, లేకపోయినా ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. మాస్కు పెట్టుకుని, బ్రేక్ క్లీనర్‌తో తడిపి గుడ్డతో తుడవాలి. డ్రమ్ తీసి ఉన్నంతసేపు ఎవరూ పెడల్ నొక్కకూడదు. నొక్కితే లోపలి పిస్టన్లు బయటికి దూకి ఆయిల్ కారిపోతుంది. ఇంట్లో పిల్లలుంటే కారు తాళం వేయడమే మేలు. రెండు వైపులూ ఒకేసారి విప్పకండి. ఒకటి విప్పినప్పుడు రెండోది నమూనాగా ఉంటుంది. ఫోన్‌తో ఫొటో తీసుకుంటే స్ప్రింగు ఎటు తగిలించాలో తెలియక తికమకపడే బాధ తప్పుతుంది.

లైనింగ్ మందం చాలా కార్లలో ఒక మిల్లీమీటరు దాకా అరిగిందంటే షూలు మార్చాల్సిందే, అదీ రెండు చక్రాలకూ కలిపి. లోపల ఆయిల్ తడి కనిపిస్తే వీల్ సిలిండర్ కారుతోందని అర్థం. తడిసిన లైనింగ్ ఎంత తుడిచినా పనికిరాదు. ఇవేవీ లేకపోతే మిగిలింది బిగుసుకున్న సర్దుబాటు పరికరమే. దాన్ని విడదీసి, తుప్పు వదిలించి, మరల మీద బ్రేకుల కోసం తయారైన గ్రీజు పలచగా రాసి, వేళ్లతో తిరిగేలా చేయండి. గ్రీజు లైనింగ్‌కు అంటకూడదు. కుడి, ఎడమ పరికరాల మరలు సాధారణంగా ఎదురెదురు దిశల్లో ఉంటాయి కాబట్టి తారుమారు చేయకండి. తర్వాత పళ్ల చక్రాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ, డ్రమ్ కాస్త రాసుకుంటూ ఎక్కేలా చూసుకోవాలి.

రెండు వైపులా డ్రమ్‌లు బిగించాక పెడల్‌ను పాతిక ముప్పై సార్లు నింపాదిగా నొక్కండి. పరికరం పనిచేస్తుంటే లోపల చిన్న టిక్ శబ్దాలు వచ్చి, క్రమంగా ఆగిపోతాయి. పెడల్ ఎత్తు నిలకడగా ఉందనుకున్నాకే తీగ దగ్గరికి వెళ్లాలి. నట్టును అరచుట్టు చొప్పున బిగిస్తూ, ప్రతిసారీ లీవర్ లాగి దించుతూ టిక్కులు లెక్కపెట్టండి. మాన్యువల్ చెప్పిన అంకె రాగానే ఆపి లాక్ నట్టు బిగించాలి. లీవర్ పూర్తిగా దించినప్పుడు రెండు చక్రాలూ చేత్తో సులువుగా తిరగాలి, పూర్తిగా లాగినప్పుడు రెండూ కదలకూడదు. ఒకటి పట్టి ఇంకోటి తిరుగుతుంటే ఒకవైపు తీగ తన గొట్టంలో తుప్పు పట్టి ఇరుక్కుంది. దానికి నూనె చుక్కలు వేసినా నాలుగు రోజుల ముచ్చటే, కొత్త తీగ వేయించాలి. చక్రాల నట్ల చివరి బిగింపు బండి నేలకు దిగాక, ఎదురెదురుగా ఉన్నవాటిని జతగా చేయండి.

ఎంత పడితే సరిపోయినట్టు? కార్ల బ్రేకులకు ఐక్యరాజ్యసమితి రూపొందించిన 13-హెచ్ నిబంధన ప్రకారం పార్కింగ్ బ్రేక్ పూర్తి బరువున్న కారును 20 శాతం వాలులో, అంటే అయిదడుగులకు ఒక అడుగు లేచే ఎత్తులో, కదలకుండా నిలపాలి. భిలాయిలో అలాంటి వాలు దొరకదు. ఖాళీ స్థలంలో, ముందూ వెనుకా ఎవరూ లేకుండా చూసుకుని, హ్యాండ్ బ్రేక్ వేసి ఫస్ట్ గేరులో క్లచ్‌ను కొంచెమే వదలండి. బండి కదలకుండా ఇంజిన్ నీరసించాలి. ఒకటి రెండు సార్లు చాలు, ఎక్కువ చేస్తే క్లచ్ అరుగుతుంది. ఓ పది కిలోమీటర్లు తిప్పి వచ్చాక వెనుక చక్రాల దగ్గర చేయి పెట్టి చూడండి. ఒకటి రెండోదానికంటే బాగా వేడిగా ఉంటే అక్కడ షూ రాసుకుంటోంది, మళ్లీ విప్పాలి.

గేరులో పెట్టి వదిలేస్తే చాలదా అని అడిగేవారున్నారు. 2016 జూన్‌లో హాలీవుడ్ నటుడు ఆంటన్ యెల్చిన్ లాస్ ఏంజెలెస్‌లోని తన ఇంటి వాలులో సొంత జీప్ వెనక్కి జారి నొక్కేయడంతో చనిపోయాడు. గేరు ‘పార్క్’లో పడిందో లేదో డ్రైవరుకు సరిగా తెలియని లీవర్ కారణంగా ఆ మోడల్‌ను కంపెనీ అంతకు రెండు నెలల ముందే రీకాల్ చేసింది. మన దగ్గర మారుతి ఏజీఎస్ లాంటి ఏఎంటీ కార్లలోనైతే ‘పి’ స్థానమే ఉండదు. గేరు, హ్యాండ్ బ్రేక్ రెండూ ఉండాలి. వాలులో చక్రాన్ని రోడ్డు అంచు వైపు తిప్పి ఉంచితే ఇంకా మేలు.

దీనికి ఒక్క మినహాయింపు ఉంది. వానాకాలంలో కారును వారాల తరబడి ఇంటి దగ్గర వదిలి ఊరెళ్లేటప్పుడు హ్యాండ్ బ్రేక్ వేసి వెళితే తడి లైనింగ్ తుప్పుతో డ్రమ్‌కు అంటుకుపోతుంది. సమతల నేల మీద గేరులో పెట్టి, చక్రాలకు దిమ్మెలు అడ్డం పెట్టి, లీవర్ దించి వెళ్లండి. తిరిగొచ్చాక వెనుక చక్రం కదలకపోతే ఇంజిన్ బలంతో లాగించకండి. చక్రం తీసి, డ్రమ్ అంచు చుట్టూ చెక్క సుత్తితో మెల్లగా తడితే సాధారణంగా వదిలేస్తుంది.