వెడ్జ్‌పోర్టు ట్యూనా కప్పు - తూకానికి అందని లెక్క

గాలం అనగానే మనకు గుర్తుకొచ్చేది చెరువుగట్టు, వెదురుకర్ర, కొక్కేనికి గుచ్చిన వానపాము. దొరికితే ఆ పూట పులుసు, దొరక్కపోతే కాలక్షేపం. అలాంటి గాలంతోనే ఐదారు వందల పౌన్ల చేపను పట్టవచ్చనీ, అందుకోసం దేశదేశాల జట్లు ఒక పల్లెటూరికి వచ్చి, చిన్న పడవలెక్కి, రోజుల తరబడి పోటీ పడేవనీ మొదటిసారి విన్నప్పుడు మేము నమ్మలేదు. నోవాస్కోషియాలోని వెడ్జ్‌పోర్టులో ఈ పోటీ 1937లో మొదలై, ప్రపంచ యుద్ధకాలంలో ఆగి, మళ్ళీ సాగి, 1976తో ముగిసింది.

వేసవి సెలవుల్లో హాలిఫాక్స్ నుంచి దక్షిణ తీరం వెంట కారులో బయలుదేరే మన కుటుంబాలు సాధారణంగా లూనెన్‌బర్గు చూసి వెనక్కు తిరుగుతాయి. అక్కడ ఆగకుండా యార్మత్ దాకా వెళితే, ఆ పట్నానికి చేరువలోనే ఉంది వెడ్జ్‌పోర్టు. ఫ్రెంచి మాట్లాడే అకేడియన్ల ఊరు. వీరి పూర్వికులను 1755లో బ్రిటిష్ ప్రభుత్వం ఇళ్ళూ పొలాలూ వదిలించి ఓడలెక్కించి చెదరగొట్టింది. కొన్నేళ్ళకు తిరిగి వచ్చినవారికి పాత పొలాలు దక్కలేదు. ఇలాంటి రాతి తీరాలే మిగిలాయి. దానితో సముద్రమే వారికి పొలమైంది.

ఆ ఊరి ముందు టస్కెట్ దీవులున్నాయి. ఫండీ అఖాతపు పోటుపాట్లు లోకప్రసిద్ధం. అఖాతం చివర నీటిమట్టంలో తేడా 16 మీటర్ల దాకా ఉంటుంది. వెడ్జ్‌పోర్టు ముంగిట అంత లేకపోయినా, పోటు వచ్చేటప్పుడూ పాటు తీసేటప్పుడూ నీరు దీవుల నడుమ, మునిగిన రాతిమెట్టల మీదుగా ఒరుసుకుంటూ పరుగెత్తుతుంది. గాలి లేని రోజున కూడా అక్కడ నీరు ఎసరు మరిగినట్లు తెర్లుతుంది. మన కవ్వళ్ళకు దగ్గరి చుట్టమైన హెర్రింగ్ చేపలు ఆ సుడుల్లో గుంపులు కడతాయి. వాటిని తినడానికి పెద్ద ట్యూనాలు, అంటే మన జాలరులు సూరలనే జాతిలో అన్నిటికన్నా పెద్దవి, వేసవిలో వస్తాయి. ఈ చేప వెచ్చని నీటిలో గుడ్లు పెట్టి, చల్లని నీటికి మేతకు వస్తుంది. కండరాలలో పుట్టిన వేడిని ఒంట్లోనే నిలుపుకోగల అరుదైన చేప కనుక ఆ చలికి దాని వేగం తగ్గదు.

ఆ తీరపు జాలరులకు ఇదేమీ కొత్త సంగతి కాదు. దాన్ని వారు గుర్రపు మాకెరెల్ అనేవారు. పెద్దగా ధర పలకని చేప, పైగా వలలో పడితే వల చిరుగుతుంది. 1935లో న్యూయార్కు వ్యాపారి మైకేల్ లెర్నర్ అక్కడికి వచ్చి, ఊరివాళ్ళ సాయంతో గాలపుకర్రతో ట్యూనాలు పట్టాడు. ఆ వార్త గాలం సరదా ఉన్న సంపన్నులందరికీ పాకింది. రెండేళ్ళకు ఆల్టన్ షార్ప్ అనే ఆయన వెండికప్పు బహూకరించాడు. ఆయన యార్మత్‌కు ఓడలు నడిపే స్టీమరు కంపెనీ అధ్యక్షుడు. పోటీకి జనం వస్తే ఓడలో సీట్లు నిండుతాయి కదా! అలా అంతర్జాతీయ ట్యూనా కప్పు మొదలైంది. అమెరికా, బ్రిటిష్ సామ్రాజ్యపు జట్లతో పాటు తర్వాతి కాలంలో క్యూబా వంటి దేశాల జట్లూ వచ్చాయి.

వచ్చినవారు తమ విలాస నౌకల్లో వేటాడలేదు. ఊరివాళ్ళ పడవల్లోనే వెళ్ళారు. ఆ తీరంలో లాబ్‌స్టర్ వేట చలికాలం మొదట ప్రారంభమై మే నెలాఖరుకు ముగుస్తుంది. వేసవిలో ఖాళీగా ఉండే ఆ పడవల్లోనే ఒక తిరుగుడు కుర్చీ బిగించి, దానికి కర్ర మొదలు ఆనించే గుంటను అమర్చేవారు. కరువు రోజుల్లో, అంటే 1930లలో, ఆ కూలి డబ్బులు చాలా ఇళ్ళను ఆదుకున్నాయి.

వేట తీరు చెప్పడానికి సులభమే. తెల్లవారకముందే పడవలు బయలుదేరతాయి. సుడుల దగ్గర హెర్రింగ్‌ను ఒక్కొక్కటిగా నీటిలోకి విసురుతారు. వాటిలో ఒకదానిలో కొక్కెం ఉంటుంది. చేప అందుకుందంటే వందల గజాల దారం క్షణాల్లో గిర్రున పోతుంది. కుర్చీలో కూర్చున్నవాడు వీపుకు పట్టీ తగిలించుకుని లాగుతాడు, వదులుతాడు, మళ్ళీ లాగుతాడు. గంట పట్టవచ్చు, కొన్ని గంటలూ పట్టవచ్చు. పొద్దుపోయాక రేవులో చేపను తలకిందులుగా వేలాడదీసి తూకం వేస్తారు.

ఒక్కరోజు పందెమైతే అదృష్టం మీద తేలిపోతుంది. యార్మత్ తీరం పొగమంచుకు పేరుబడ్డది. ఒకనాడు ఏమీ కనిపించదు, మరునాడు చేప రాదు, ఇంకొకనాడు దారం తెగుతుంది. రోజులు గడిచే కొద్దీ తేలేది వేరు: ఏ వేళకు పోటు మారుతుందో, చేప పరుగెత్తినప్పుడు పడవ ముక్కు ఎటు తిప్పాలో ఎవరికి తెలుసునన్నది. అది తెలిసినవాడు కుర్చీలో ఉండడు, చుక్కాని దగ్గర ఉంటాడు.

కానీ రికార్డు రాసేది కుర్చీలో ఉన్నవాడి పేరిట. 1939లో లెర్నర్ మొదలైనవారు న్యూయార్కులో అంతర్జాతీయ గాలపు వేట సంఘాన్ని స్థాపించారు. కొక్కెం పడ్డాక ఆ ఒక్కడు తప్ప మరొకరు కర్రనుగానీ, చక్రాన్నిగానీ, దారాన్నిగానీ ముట్టరాదని దాని నిబంధన. ముట్టుకుంటే ఆ చేప లెక్కలోకి రాదు. పందెం న్యాయంగా ఉండాలంటే అలాంటి నియమం ఉండవలసిందే, కాదనం. ఐతే పడవ తిప్పినవాడి పని ఆ నియమానికి లోబడే సాగినా, కాగితం మీద మాత్రం అతడి పని లేనట్టే అయింది.

తూకానికి అందని లెక్క మరొకటి ఉంది. 1950ల చివరికి వెడ్జ్‌పోర్టులో చేపలు తగ్గసాగాయి. ఇంగ్లండులో మన బంధువులున్న యార్క్‌షైరులోనూ ఇదే కథ. స్కార్‌బరోలో 1930లో మిచెల్ హెన్రీ అనే ఆయన 560 పౌన్ల ట్యూనాను గాలంతో పట్టాడు. 1933లో అక్కడ క్లబ్బు ఏర్పడింది. అదే ఏడు ఆయన 851 పౌన్ల చేపను పట్టాడు. 1949లో మరొకరు 852 పౌన్లది పడితే, ఒక్క పౌను తేడా మీద, వేలాడదీసిన తాడు తడిసి ఉందంటూ వివాదం నడిచింది. 1954 తర్వాత స్కార్‌బరోలో గాలానికి ట్యూనా పడలేదు. అవి మేసే హెర్రింగ్‌ను తోడేస్తుంటే చేప మాత్రం ఎందుకు వస్తుంది? తాడు తడిని తూచారుగానీ సముద్రంలో మేత ఎంత మిగిలిందో తూచినవారు లేరు.

ట్యూనాను మాత్రం తోడకుండా ఉన్నారా? 1964లో పశ్చిమ అట్లాంటిక్‌లో పెద్ద ఓడల వలలకూ, మైళ్ళ పొడవు గాలపుతాళ్ళకూ చిక్కిన ఈ జాతి చేపలు 18 వేల టన్నులు దాటాయి. అంత చేప వెడ్జ్‌పోర్టు కుర్చీలన్నీ కలిసి పట్టగలిగినది కాదు. ఇక ధర సంగతి. తూకం వేసి ఫొటో తీశాక పూడ్చిపెట్టే చేప ఇది. ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవి నుంచి విమానంలో వెళ్ళిన ట్యూనాలు 1972 ఆగస్టు 14న టోక్యో చేపల బజారులో అమ్ముడుపోయాయి. అప్పటినుంచి అది బంగారమైంది. నాలుగేళ్ళకు వెడ్జ్‌పోర్టు పోటీ ఆఖరుది జరిగింది. 1979లో నోవాస్కోషియాలోనే ఆల్డ్స్ కోవ్ దగ్గర గాలానికి చిక్కిన 1,496 పౌన్ల ట్యూనాది నేటికీ ప్రపంచ రికార్డు.

ఆ గాలపువాళ్ళు అపకారమే చేశారనుకోరాదు. 1954లో వుడ్స్‌హోల్ శాస్త్రజ్ఞుడు ఫ్రాంక్ మాథర్, పట్టిన చేపకు గుర్తుకట్టి వదలమని వారినే అడిగాడు. అలా అమెరికా తీరాన వదిలిన చేపలు 1959లో ఐరోపా తీరాన, బిస్కే అఖాతంలో దొరికాయి. ఇది రెండు తీరాల చేప అని అప్పుడు రుజువైంది. 1980ల మొదట్లో పశ్చిమ అట్లాంటిక్‌లో పట్టుబడికి పరిమితి వచ్చింది. 2021లో ఈ జాతిని అంతరించిపోయే వాటి జాబితా నుంచి తప్పించారు. పశ్చిమపు గుంపులు మాత్రం పూర్వస్థితికి రాలేదు. ఈ శతాబ్దంలో వెడ్జ్‌పోర్టు వారు తమ ఊరి పోటీని తిరిగి మొదలుపెట్టారు.

ఇది చదువుతున్నప్పుడు మాకు మన విశాఖపట్నం గుర్తుకొచ్చింది. కంపెనీ కొలువులో అక్కడున్న పాట్రిక్ రసెల్ 200 చేపల బొమ్మలతో 1803లో లండన్‌లో పుస్తకం వేశాడు. మన జాలరులు చెప్పిన పేర్లే అందులో రాశాడు. ఆ తెలుగు కానాగుర్త నేటికీ శాస్త్రనామంలో నిలిచి ఉంది. చేప పేరు నిలిచింది, రచయిత పేరు నిలిచింది, ఆ పేరు చెప్పిన జాలరి పేరు మాత్రం లేదు.

వెడ్జ్‌పోర్టు రేవులో ఇప్పుడొక చిన్న మ్యూజియం ఉంది. కప్పుల దగ్గరే ఆగకుండా, ఫొటోల్లో చేప పక్కన టోపీ పెట్టుకుని నిలబడ్డ పడవవాళ్ళను కూడా పిల్లలకు చూపించండి. గెలిచినవారి పేర్లు ఎవరైనా చదివి వినిపిస్తారు. వీరి పేర్లు మాత్రం అడిగితేనే తెలుస్తాయి. అడగడానికి ఆ ఊళ్ళో వారి మనవలు ఇంకా ఉన్నారు.