హెచ్.ఐ.వి. చికిత్సలో కొనసాగింపు

హెచ్.ఐ.వి. చికిత్సలో కొనసాగింపు అనగా, హెచ్.ఐ.వి. సోకినట్లు నిర్ధారణ అయిన వ్యక్తి వైద్య కేంద్రంలో పేరు నమోదు చేసుకొని, జీవితాంతం క్రమం తప్పక మందులు, పరీక్షలు పొందుతూ ఉండడం. యాంటీ రెట్రోవైరల్ చికిత్స (ఏ.ఆర్.టి.) వైరస్‌ను శరీరం నుండి పూర్తిగా తొలగించదు, దాని వృద్ధిని మాత్రమే అణచివేస్తుంది. మందు ఆపితే కొద్ది వారాలలోనే వైరస్ మళ్ళీ పెరుగుతుంది. మధ్య మధ్య మానివేస్తే మందులకు లొంగని వైరస్ రకాలు పుట్టే ప్రమాదం కూడా ఉంది. క్రమంగా వాడినవారి నుండి భాగస్వామికి వ్యాధి సోకే అవకాశం 90 శాతానికి పైగా తగ్గుతుందని 2011లో వెలువడిన ఒక అంతర్జాతీయ పరిశోధన తెలిపింది.

నేపథ్యం

భారతదేశంలో ప్రభుత్వం 2004 ఏప్రిల్ 1 నుండి ఉచితంగా ఏ.ఆర్.టి. ఇవ్వసాగింది. వ్యాధి తీవ్రత ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో ఒకటిగా నాటి ఆంధ్రప్రదేశ్ మొదటి విడతలోనే చేరింది. తొలినాళ్ళలో సి.డి.4 కణాల సంఖ్య బాగా పడిపోయినవారికే మందులు ఇచ్చేవారు. మిగిలినవారు పరీక్షలకు మాత్రమే రావలసి ఉండేది. ఒంట్లో బాధ లేక, చేతికి మందు అందక, అటువంటివారు తిరిగి రాకపోవడం సహజమే. 2017 నుండి నిర్ధారణ అయిన వెంటనే అందరికీ చికిత్స ప్రారంభించే విధానం అమలులోకి వచ్చింది.

దూరం, కూలి, గోప్యత

మందు ఉచితమే అయినా ప్రయాణం ఉచితం కాదు. భూదాన్ పోచంపల్లి ఇందుకు తగిన ఉదాహరణ. 2016లో యాదాద్రి భువనగిరి జిల్లా ఏర్పడే వరకు ఈ ఊరు నల్గొండ జిల్లాలో ఉండేది. అయితే జిల్లా కేంద్రమైన నల్గొండ కంటే హైదరాబాదే దీనికి దగ్గర. చేనేత పనిలో కూలి నేసినదాన్ని బట్టి లభిస్తుంది కనుక, ఆసుపత్రికి వెళ్ళిన రోజు మగ్గం ఆగుతుంది, ఆ రోజు కూలీ పోతుంది. భార్య ఆసు పోసి, భర్త నేసే ఇంట్లో ఒక్కరు వెళ్ళినా ఇద్దరి పనీ కుంటుపడుతుంది.

పాలమూరు కూలీల ఇబ్బంది మరొక రకమైనది. మహబూబ్‌నగర్ ప్రాంతం నుండి ముంబై, పుణె వంటి చోట్లకు నెలల తరబడి వలస వెళ్ళేవారు చికిత్సను అక్కడి కేంద్రానికి మార్పించుకోవచ్చు. కాని అందుకు కాగితాలు కావాలి, ముందుగా చెప్పాలి. మేస్త్రీ పిలిచిన రోజే బయలుదేరేవారికి ఇది సాధ్యపడదు.

ఈ ఇబ్బందులను తగ్గించడానికి లింక్ ఏ.ఆర్.టి. కేంద్రాలు ఏర్పడ్డాయి. ఆరోగ్యం కుదుటపడినవారు ప్రధాన కేంద్రానికి బదులు సమీపంలోని ఏరియా ఆసుపత్రిలోనో, సామాజిక ఆరోగ్య కేంద్రంలోనో మందులు తీసుకోవచ్చు. విచిత్రమేమంటే, ఈ సౌకర్యమే కొందరికి భయకారణం. దగ్గరి ఆసుపత్రిలో వరుసలో నిలబడితే తెలిసినవారు చూస్తారు. అందువలన చార్జీలు పెట్టుకొని అయినా, తమను ఎవరూ ఎరుగని నగరానికే వెళ్ళేవారు ఉంటారు. కేంద్రాన్ని దగ్గరకు తెచ్చినంత మాత్రాన సమస్య తీరదు. ఎక్కడ మందు తీసుకోవాలో రోగి ఎంచుకోగలగడం కూడా అంతే ముఖ్యం.

ఒకేసారి రెండు మూడు నెలలకు సరిపడా మందులివ్వడం ఈ రెండు చిక్కులనూ కొంత తీరుస్తుంది. 2020 కోవిడ్ లాక్‌డౌన్ కాలంలో ఈ పద్ధతి విస్తృతమైంది. దాదాపు అదే సమయంలో ప్రవేశించిన డోలుటెగ్రావిర్ మిశ్రమం రోజుకు ఒక్క మాత్రతో సరిపోతుంది.

ఆర్థిక, చట్టపరమైన రక్షణ

తెలంగాణలో 2014 నవంబరులో ప్రారంభమైన ఆసరా పింఛన్లు ఎయిడ్స్ బాధితులకూ వర్తించాయి. నెలకు 1,000 రూపాయలుగా ఉన్న ఈ మొత్తం 2019లో 2,016 రూపాయలకు పెరిగింది. హెచ్.ఐ.వి., ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2017లో ఆమోదం పొంది, 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం ఉద్యోగం, విద్య, వైద్యం మొదలైన వాటిలో వివక్ష చూపరాదు. చట్టం పేర్కొన్న కొన్ని సందర్భాలలో తప్ప, వ్యక్తి అనుమతి లేకుండా అతని స్థితిని వెల్లడించరాదు.

రానివారిని వెదకడం

మందుల కోసం రావలసిన తేదీ దాటినవారికి ముందుగా ఫోన్ చేస్తారు, అప్పటికీ రాకపోతే ఇంటికి వెళ్తారు. ఇంటికి రావడానికి అనుమతిని చికిత్స ఆరంభంలోనే తీసుకుంటారు. కేంద్రాలలో ఈ పని చూసే కేర్ కోఆర్డినేటర్లుగా హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నవారినే నియమించడం జాతీయ కార్యక్రమంలోని మంచి ఏర్పాటు. ఉమ్మడి కుటుంబంలో ఫోన్ ఎవరు ఎత్తుతారో తెలియదు. పలికింది రోగియేనని తేల్చుకోకుండా విషయం చెబితే, ఆ ఒక్క పిలుపుతోనే అతడు కేంద్రానికి శాశ్వతంగా దూరం కావచ్చు.